హజ్రా బీ చూసిన ఓడ

యాకూబ్ ఎక్కిన ఓడ మునిగిపోయిందని నరసరావుపేట మొత్తం మీద అతని భార్య హజ్రా బీ ఒక్కతే నమ్మేది. ఎవరో చెబితే నమ్మింది కాదు. కళ్ళారా చూసింది.

యాకూబ్ పత్తి మిల్లులో ఫిట్టరు. పత్తి వచ్చే నెలల్లో మిల్లు రాత్రింబగళ్ళు ఆడేది, వేసవి ముదిరేసరికి మూతపడేది. మిగతా ఏడాదంతా అతను ఊళ్ళో వాళ్ళ మోటబావుల గిలకలు, కుట్టుమిషన్లు బాగుచేస్తూ గడిపేవాడు. 1941లో రంజాన్ వెళ్ళాక ఓడల మీద కూలీలను పంపే ఒక మేస్త్రీ వచ్చి, రంగంలో బియ్యం మిల్లులు ఏడాది పొడుగునా ఆడతాయని, ఇంజన్ల పని తెలిసినవాళ్ళ కోసం దొరలు వెతుక్కుంటున్నారని చెప్పాడు. రంగూన్‌ను ఆ వైపు అందరూ రంగం అనే అంటారు.

యాకూబ్ తల్లి అమీనా బీ వద్దంది.

“యుద్ధం అంటన్నారు గదరా.”

“యుద్ధం యాడో దొరల సీమలోనమ్మా. రంగంలో ఏముంది? ధాన్యం తప్ప.”

హజ్రా బీ వద్దనలేదు, పొమ్మనలేదు. పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. ఆ మాట ఎత్తి అత్త అప్పుడప్పుడూ సన్నాయి నొక్కులు నొక్కేది. మొగుడు రెండేళ్ళు దూరంగా ఉంటే ఆ నొక్కులు కూడా ఆగుతాయేమో అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

మద్రాసు దాకా సాగనంపడానికి హజ్రా బీ, ఆమె అన్న మౌలాలీ వెళ్ళారు. మౌలాలీ బస్సు డ్రైవరు. నాలుగూళ్ళు తిరిగినవాడు. హార్బరు గేటు దగ్గర పోలీసులు టిక్కెట్టు ఉన్నవాళ్ళనే లోపలికి వదిలారు. యాకూబ్ ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని, గేటు బయట నిలబడి ఆమెతో అన్నాడు, “ఇసకలోకి పోయి నిలబడు. ఓడ అటే పోద్దంట. ఈ పక్కనే నిలబడి చూస్తంటా. నీ పసుపు చీర కనపడక పోదు.”

అవే అతను ఆమెతో అన్న చివరి మాటలు.

ఇసుకలో ఆమెను ఒకచోట నిలబెట్టి, రైలు టిక్కెట్ల కోసం మౌలాలీ స్టేషనుకు పోయాడు. హజ్రా బీ అంతకుముందు సముద్రం చూడలేదు. చూసిన నీళ్ళల్లా కృష్ణ ఒక్కటే, అదీ అవతలి ఒడ్డు ఉన్న నీళ్ళు. ఓడ బయటికొచ్చింది. మిల్లు కంటే పెద్దది. దాని పక్క నిండా మనుషులు చీమల్లా ఉన్నారు. అందులో ఏ చీమ తన మొగుడో తెలియక ఆమె అన్నిటికీ కలిపి చెయ్యి ఊపింది.

ఓడ చిన్నదైంది. మనుషులు చెరిగిపోయారు. మబ్బు లేని పొద్దు. నీళ్ళ మీద ఓడ నల్లగా, స్పష్టంగా కనబడుతోంది. అప్పుడు దాని అడుగు భాగం తగ్గడం మొదలైంది. ముందు ఎర్ర రంగు వేసిన పట్టీ పోయింది. ఆ తర్వాత నల్లటి గోడ కొంచెం కొంచెంగా పోయింది. పైన తెల్లగా ఉన్న గదుల వరస ఒక్కటే నీళ్ళ మీద నిలిచింది. కాసేపటికి అదీ దిగింది. పొగగొట్టం మిగిలింది. పొగగొట్టం కూడా దిగాక రెండు కర్రలు మిగిలాయి. అవీ పోయాక పొగ మాత్రం ఆకాశంలో చాలాసేపు ఉంది.

ఆమె చుట్టూ చూసింది. గుగ్గిళ్ళు అమ్మేవాడు గుగ్గిళ్ళు అమ్ముతున్నాడు. ఒక దొరసాని కుక్కను తిప్పుతోంది. ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ అటు చూడలేదు. అరవ భాష ఆమెకు రాదు. నోరు తెరిస్తే ఏమనాలో కూడా తెలియలేదు. చెయ్యి ఇంకా పైకే ఉందని గుర్తొచ్చి దించుకుంది.

రైల్లో నెల్లూరు దాటాక అన్నతో చెప్పింది.

“అన్నా, ఓడ మునిగింది.”

మౌలాలీ నవ్వాడు. “దూరం పోయిందే పిచ్చిదానా. దూరం పోతే కనపడద్దా?”

“దూరం పోతే చిన్నదవ్వాల. కింద నుంచి పోయింది.”

“పడుకో. రెండు రోజుల్నించీ నిద్ర లేదు నీకు.”

ఆమె మళ్ళీ అనలేదు. ఇంటికి వచ్చాక అత్తతో కూడా అనలేదు. ఉత్తరం వస్తుందేమో చూసింది. ఉత్తరం రాలేదు. డిసెంబరు ఆఖర్లో రంగం మీద జపాను వాళ్ళు బాంబులు వేశారని ఊరంతా గుప్పుమంది. మిల్లు వెనక వీధిలో రంగం పోయినవాళ్ళ ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. హజ్రా బీ వాళ్ళను చూస్తూ గుమ్మంలో కూర్చుంది. బాంబులతో ఆమెకు సంబంధం లేదు. యాకూబ్ రంగం దాకా పోనే లేదు.

సంక్రాంతికి, కొత్త పత్తి మిల్లుకు రావడం మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆమె మెడలో నల్లపూసలు తీసి గూట్లో పెట్టింది. అమీనా బీ చూసింది.

“ఏమే, అవెందుకు తీసినావు?”

“ఓడ మునిగింది అత్తా. నేను చూశా.”

అప్పుడు చెప్పింది అంతా. ఎర్ర పట్టీ, నల్ల గోడ, తెల్ల గదులు, పొగగొట్టం, కర్రలు. వరసగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అమీనా బీ విన్నంతసేపు విని, లేచి కోడలి చెంప మీద కొట్టింది.

“నా కొడుకును నీళ్ళలో ముంచి వచ్చి నెలల తరబడి నా చేత అన్నం వండించుకు తిన్నావటే. బతికున్నోడికి ఇద్దత్ కూర్చుంటావటే నువ్వు.”

హజ్రా బీ ఇద్దత్ కూర్చుంది, మొగుడు పోయిన ఆడది గడప దాటకుండా ఉండే నాలుగు నెలల పది రోజులు. ఒంటరిగా, వెనక గదిలో. చుట్టుపక్కల వాళ్ళు ఎవరూ పరామర్శకు రాలేదు, ఎందుకంటే ముందుగదిలో అమీనా బీ నా కొడుకు బతికే ఉన్నాడని వచ్చినవాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపింది. ఇద్దత్ అయ్యాక, మూతపడిన మిల్లు మళ్ళీ తెరవగానే హజ్రా బీ అందులో పనికి కుదిరింది. గింజ తీసే జిన్ను మిషన్లకు పత్తి అందించే పని. ఆ మిషన్ల రొదలో పక్క మనిషి అరిచినా వినబడదు. అది ఆమెకు బాగుంది.

ఆ రోజుల్లో ఆమెను చూసినవాళ్ళు గట్టి మనిషి అనుకునేవాళ్ళు. గట్టితనం కాదు అది. కాలు తిమ్మిరెక్కితే ఎట్లా ఉంటుందో ఆమె అంతా అట్లా ఉండేది. ఒకసారి వేలు రోలరు అంచున పడి గోరు చీలింది. దూది ఎర్రబడితే పక్కావిడ చూసి చెయ్యి లాగింది, అప్పటికి గానీ హజ్రా బీ చూసుకోలేదు. గోంగూర పచ్చడిలో ఉప్పు లేకపోయినా తినేది, రెండుసార్లు ఉప్పు పడినా తినేది. రాత్రి పడుకుంటే తెల్లారి లేచేది. కలలు కూడా రాలేదు.

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరికి అతను చనిపోయాడు, ఇంకొకరికి బతికున్నాడు. అత్త గాలికి తిట్టే తిట్లు తప్ప వాళ్ళ మధ్య మాటలు లేవు. పొయ్యి ఒకటే గనక ఒకరి తర్వాత ఒకరు వండుకునేవాళ్ళు. ఆ వేసవి నుంచే బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళు గుంటూరు జిల్లాలోకి చేరడం మొదలైంది. ఎముకల గూళ్ళలా, జ్వరాలతో వచ్చారు. ఫలానా ఊరికి ఒకడు వచ్చాడంటే చాలు, అమీనా బీ చేతికర్ర పట్టుకుని బయల్దేరేది. ముప్పాళ్ళ వెళ్ళింది, గురజాల వెళ్ళింది. నరసరావుపేట యాకూబు, మిల్లు ఫిట్టరు, ఎడమ బొటనవేలికి గోరు ఉండదు, చూశారా అని అడిగేది. ఎవరూ చూడలేదు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకునేది. హజ్రా బీ ఆమె తలగడ దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టేది.

మరుసటి ఏడు మౌలాలీ ఒక సంబంధం తెచ్చాడు. మాచవరంలో అబ్దుల్ హమీద్ అనే దర్జీ. భార్య పోయింది, ఇద్దరు ఆడపిల్లలు.

“ఎన్నాళ్ళు ఆ ముసలామె తిట్లు తింటా ఉంటావు?” అన్నాడు మౌలాలీ. “ఓడ మునిగిందని నువ్వే అంటన్నావు గదా. మునిగితే మునిగిందనే ఖాజీ ముందు చెప్పు. నిఖా చదివిస్తాడు.”

“చెప్తా,” అంది హజ్రా బీ.

“మనిషి మంచోడే. ఒకసారి చూస్తావా?”

“చూడటం ఎందుకు? నువ్వు చూశావుగా.”

నిఖా ఫలానా నెలలో అనుకున్నారు. దర్జీ ఆమెకు ఒక రవిక కుట్టి పంపాడు. ఎవరి కొలతలతో కుట్టాడో గానీ సరిగ్గానే సరిపోయింది. హజ్రా బీ అది తొడుక్కుని, విప్పి, మడిచి పెట్టింది. అమీనా బీ ముందుగదిలో అంతా వింటూనే ఉంది. తిట్టడం కూడా మానేసింది.

అలాంటప్పుడు అబ్దుల్ గఫార్ వచ్చాడు.

శుక్రవారం, నమాజు వదిలాక. చిలకలూరిపేట మనిషి, మగ్గం నేసే కుటుంబం. ముప్పై ఏళ్ళుంటాయేమో, చూస్తే యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు. నరసరావుపేట మసీదు దగ్గర మిల్లు ఫిట్టరు యాకూబు ఇల్లెక్కడ అని అడిగి అడిగి వచ్చాడు. అమీనా బీ గుమ్మంలో ఉంది. అతను ఇంకా కూర్చోకముందే ఆమె అడిగింది.

“బొటనేలు?”

“ఎడమది. గోరుండదు,” అన్నాడు గఫార్. “మిల్లులో చక్రం తిప్పే తోలు పట్టా కింద పడి పోయిందని చెప్పేవాడు.”

అమీనా బీ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

అతను చెప్పిన సంగతి ఇది. యాకూబూ అతనూ మద్రాసులో ఒకే ఓడ ఎక్కారు. ఓడలో పరిచయం. రంగంలో ఒకే మిల్లులో దిగారు. యాకూబు ఇంజను గదిలో, గఫార్ బస్తాల దగ్గర. యాకూబు ఒక ఉత్తరం కూడా రాయించి పంపాడు. అది ఏ ఓడలో పోయిందో, అందిందో లేదో. బాంబులు పడ్డాక కొన్నాళ్ళు మిల్లులోనే దాక్కుని, తర్వాత జనంతో కలిసి నడక మొదలుపెట్టారు. ప్రోము అనే ఊరి దగ్గర కొండదారి మొదలు. అక్కడ ఒక గేటు పెట్టి, రోజుకు కొంతమందినే వదిలేవాళ్ళు. గఫార్ దాకా వదిలి, అతని వెనకే ఉన్న యాకూబు ముందు కర్ర అడ్డం పెట్టారు. రేపు వస్తా, ముందు పో అన్నాడు యాకూబు. అవతల ఆగడానికి వీల్లేదు, కలరా ఉంది, సిపాయీలు తరుముతున్నారు. గఫార్ తర్వాతి మజిలీలో ఎదురుచూశాడు. మర్నాడు వచ్చినవాళ్ళలో యాకూబు లేడు. ఆ మర్నాడు గఫార్‌కే జ్వరం వచ్చింది. ఎవరో బండిలో వేశారు.

“ఆ తర్వాత నాకు తెలవదు ఖాలా,” అన్నాడు అమీనా బీతో. “ఇంటికొచ్చి ఏడాది మంచంలోనే ఉన్నా. లేవగానే వచ్చా.”

అమీనా బీ ఏడుస్తోంది. ఏడుస్తూనే లోపలికి చూసి, నెలల తర్వాత మొదటిసారి కోడలిని పిలిచింది.

“విన్నావటే?”

హజ్రా బీ తలుపు పక్క నిలబడి ఉంది.

“ఈయన వేరే ఓడలో పోయుంటాడు,” అంది. “నేను చూసిన ఓడ మునిగింది.”

గఫార్ ఆమె వైపు చూశాడు. ముందు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఎర్ర పట్టీ దగ్గర నుంచి కర్రల దాకా మళ్ళీ అదే వరస. అతను మధ్యలో అడ్డుపడలేదు. అంతా అయ్యాక మెల్లగా అన్నాడు.

“నీది పసుపు చీర గదా చెల్లెమ్మా.”

ఆమె తలుపు చెక్క పట్టుకుంది.

“ఇసకలో పసుపు చుక్క చూపించి, అది మా ఇంటిది అన్నాడు. చానాసేపు చూశాం. ముందు నువ్వు పోయావు. తర్వాత ఇసక పోయింది. ఒడ్డున ఉండే మేడల కింద అంతస్తులు పోయినయ్యి, పై అంతస్తులు ఉన్నయ్యి. తర్వాత మేడలన్నీ పోయి దీపస్తంభం ఒక్కటే నీళ్ళలోంచి పొడుచుకొచ్చినట్టు నిలబడింది. అదీ కిందికి పోయింది. ఊరు ఊరంతా మునిగింది గఫారూ అన్నాడు మీ ఆయన. ఓడలో ఖలాసీల పెద్ద, సారంగు, విని నవ్వాడు. నీకు మేం మునిగాం చెల్లెమ్మా. మాకు నువ్వు మునిగావు.”

“నేను మునగలా,” అంది హజ్రా బీ.

“మేమూ మునగలా.”

ఆమె లోపలికి పోయి, గఫార్‌కు మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చింది. సాయంత్రం మౌలాలీ వచ్చాక అతనూ విన్నాడు. ఖాజీ ముందు చెల్లెలు చెప్పబోయే మాట ఇక ఏమవుతుందోనని అతని గుబులు. గఫార్ మాత్రం ఒకటే పట్టు పట్టాడు.

“చెబితే నమ్మదు అన్నా. నేను చూశా అంటంది, చూసిందే. మళ్ళీ చూపియ్యాల. మీ బస్సు చీరాల పోద్ది గదా.”

అట్లా నలుగురూ చీరాల వెళ్ళారు. పెట్రోలు దొరకని రోజులు. బస్సు వెనక బొగ్గుల డబ్బా బిగించి నడిపేవాళ్ళు. ఎత్తు వచ్చినచోటల్లా ప్రయాణికులు దిగి నడిచేవాళ్ళు. అమీనా బీ మాత్రం దిగనని కూర్చుంది. మౌలాలీ తోటి డ్రైవరు ఇంట్లో ఆ రాత్రి పడుకుని, తెల్లారి జట్కాలో ఓడరేవు వెళ్ళారు.

గఫార్ అక్కడ చేపలు పట్టే పల్లెకారులను అడిగి వచ్చాడు. సరుకు పడవ ఒకటి బందరు పోతోంది, పొగాకు బేళ్ళు ఎక్కిస్తున్నారు. రెండు కొయ్యలకు రెండు తెల్లటి తెరచాపలు. నేల మీద నుంచి వీచే గట్టు గాలి ఉండగానే బయల్దేరింది. గఫార్ హజ్రా బీని నీళ్ళ అంచున, తడి ఇసుక దాటగానే కూర్చోబెట్టాడు.

“కూర్చునే చూడు. లేవబాక.”

అమీనా బీ కూడా ఆమె పక్కనే చతికిలబడింది. అంత నీటిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. మౌలాలీ బీడీ వెలిగించాడు.

పడవ చాలాసేపు పడవలాగే ఉంది. పొద్దు ఎక్కింది. అది చిన్నదై, తెల్లటి తెరచాపల కింద నల్లటి గీతలా మారింది. హజ్రా బీ రెప్ప వేయకుండా చూస్తోంది. గీత సన్నబడింది. ఉందా లేదా అన్నట్టయింది. లేదు. తెరచాపలు మాత్రం నీళ్ళలో నాటినట్టు నిలబడ్డాయి.

“మునిగింది,” అంది హజ్రా బీ. ఆ గొంతులో ఏమీ లేదు.

అమీనా బీ ఒక్కసారిగా ఆమె మోచెయ్యి పట్టుకుంది. “యా అల్లా. అందులో మనుషులున్నారు.”

“ఇప్పుడు లెగండి,” అన్నాడు గఫార్. “ఆ దిబ్బ ఎక్కండి. తొరగా.”

వెనక ఒక పెద్ద ఇసుక దిబ్బ, దాని మీద సరుగుడు చెట్లు. హజ్రా బీ ముందు ఎక్కింది. ఇసుక జారుతుంటే చేతులతో పాకింది. పైకి చేరి, చెట్టు పట్టుకుని వెనక్కి తిరిగింది. తెరచాపల కింద నల్లటి గీత ఉంది. గీత కింద నీళ్ళు, నీళ్ళకు అవతల ఇంకొంచెం నీళ్ళు.

ఆమె దిగింది. నీళ్ళ అంచున కూర్చుంది. గీత లేదు. లేచి మళ్ళీ ఎక్కింది. గీత ఉంది. ఎవరూ ఆమెను ఆపలేదు. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. చీర కుచ్చెళ్ళు తడిసి ఇసుక అంటుకుని బరువెక్కాయి. ఒకసారి సగం దిబ్బ మీద ఆగి, అక్కడి నుంచి చూసింది. అక్కడ గీత సగం ఉంది. ఒక అడుగు పైకి వేసింది, కిందికి వేసింది. తనే దాన్ని ముంచుతున్నట్టు, తనే తేలుస్తున్నట్టు ఉంది.

“సముద్రం బల్లపరుపు కాదంట,” గఫార్ అమీనా బీకి చెబుతున్నాడు. “గుమ్మడికాయ వీపులాగా వంగి ఉంటదంట. ఆ వంపు అడ్డమొస్తది. సారంగు చెప్పాడు.”

“నీళ్ళు వంగుతయ్యా?”

“భూమే వంగింది ఖాలా. నీళ్ళు దాన్ని అంటుకుని ఉన్నయ్యి.”

మౌలాలీ బీడీ పారేశాడు. “వినుకొండ రోడ్డులో మిట్ట దిగే బండి చూడలా అత్తా? వెనక నుంచి చూస్తే ముందు చక్రాలు పోతయ్యి. తర్వాత బండి. గడ్డి మోపు ఆఖరున పోద్ది. బండి యాడికీ పోలా. మిట్ట అవతల పోతానే ఉంటది.” ఈ మాట అంటూ అంటూ ఆగిపోయాడు. రైల్లో చెల్లెలు చెప్పిన రోజు ఇదే మాట తను చెప్పి ఉండొచ్చు. అప్పుడు తట్టలేదు.

దిబ్బ మీద కూడా చివరికి గీత పోయింది. తెరచాపల కొసలు మిగిలాయి. హజ్రా బీ ఇక ఎక్కడానికి ఏమీ లేక అక్కడే కూర్చుంది. దక్షిణం వైపు నుంచి చేపల పడవలు తిరిగొస్తున్నాయి. ఒక్కొక్కటి ముందు తెల్లటి ముక్కగా పుట్టి, తర్వాత కింద నుంచి ఒళ్ళు తెచ్చుకుంటోంది. అమీనా బీ కూడా పాక్కుంటూ దిబ్బ ఎక్కి, కోడలి పక్కన కూలబడి, వస్తున్న ఆ పడవలనే చూసింది.

హజ్రా బీకి ఏడుపు వస్తుందేమోనని మౌలాలీ కింద నుంచి చూస్తున్నాడు. రాలేదు. ఆమెకు ఆకలి వేసింది. మద్రాసులో ఆ పొద్దున మేడ ఏదైనా ఎక్కి ఉంటే ఇంకాసేపు కనపడేవాడు అనుకుంది. తర్వాత నల్లపూసలు తీసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అతను రంగంలో ఉన్నాడు, బతికి. వెనక గదిలో తను ఇద్దత్ కూర్చున్న రోజుల్లో అతను ఎక్కడో దారిలో నడుస్తూ ఉండి ఉంటాడు, కాళ్ళకు బొబ్బలతో. తను చెంబుతో నీళ్ళు అత్తకు పెట్టింది గాని అతనికి ఎవరు పెట్టారో. ఈ సంగతులన్నీ ఆమెకు ఒకదాని తర్వాత ఒకటి తెలిశాయి. తెలిసినవి ఇంకా ఒంటికి తగల్లేదు. అరికాళ్ళలో మాత్రం ఇసుక కాలుతోంది. అది తగిలింది.

“గఫారన్నా,” అంది. “గేటు కాడ ఏ చొక్కా తొడుక్కున్నాడు?”

గఫార్ ఆలోచించాడు. “ఖాకీ చొక్కా. మిల్లులో ఇచ్చింది. మోచేతి కాడ చిరిగింది.”

“చెప్పులు?”

“ఒకటే ఉంది.”

“ఏమన్నా తిన్నాడా?”

“ఆ పొద్దున ఇద్దరం శెనగలు తిన్నాం. ఉడకనియ్యలా సరిగా.”

ఆమె తల ఊపింది. అమీనా బీ మూటలో నుంచి జొన్నరొట్టె తీసి, రెండు ముక్కలు చేసి ఒకటి కోడలి చేతిలో పెట్టింది. హజ్రా బీ తింది. ఉప్పు ఎక్కువైందని ఆమెకు తెలిసింది.

ఊరికి వచ్చిన వారంలో మౌలాలీ మళ్ళీ మాట ఎత్తాడు.

“ఓడ మునగకపోతే మునగకపోయింది. మనిషైతే రాలేదుగా. ఆ కలరాలో…” అని ఆగాడు. “మాచవరం ఆయన అడుగుతున్నాడు.”

“ఖాజీ ముందు చచ్చిపోయాడని చెప్పలేను అన్నా. నేను చూడలా.”

“బతికున్నాడని చూశావా?”

“అదీ చూడలా.”

“మరేం చెయ్యమంటావు?”

“ఆ రవిక తిరిగి ఇచ్చెయ్యి. మంచిగా కుట్టాడని చెప్పు.”

అబ్దుల్ హమీద్ కొన్నాళ్ళు చూసి, బెల్లంకొండ వైపు సంబంధం చేసుకున్నాడని తర్వాత తెలిసింది. మౌలాలీ చాలా రోజులు చెల్లెలి ఇంటికి రాలేదు. వచ్చినప్పుడు కూడా ఆ మాట మళ్ళీ తేలేదు.

అమీనా బీ నల్లపూసలు వేసుకోమని అడుగుతుందని హజ్రా బీ అనుకుంది. ఆమె అడగలేదు. ఒక సాయంత్రం మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, “ఆ ఓడ ఎంతుంటది?” అంది. హజ్రా బీ చెప్పింది. ఎర్ర పట్టీ, నల్ల గోడ. ఈసారి అత్త మధ్యమధ్యలో అడిగింది. ఆ మనుషులందరూ ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ వండుకుంటారు, దొడ్డికి ఎట్లా పోతారు. హజ్రా బీకి తెలిసినవి చెప్పింది, తెలియనివి గఫారన్నను అడగాలి అంది. అన్నం ఒకే కుండలో వండుకోవడం ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఫలానా ఊళ్ళో ఉన్నారని వింటే ఇప్పుడు ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. అమీనా బీ బొటనవేలు అడిగేది, హజ్రా బీ చొక్కా అడిగేది. యుద్ధం అయిపోయింది. రంగానికి ఓడలు మళ్ళీ తిరుగుతున్నాయన్నారు. గఫార్ మళ్ళీ పోలేదు, మగ్గం ముందు కూర్చున్నాడు. ప్రోము గేటు దగ్గర ఆగిపోయిన యాకూబు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. చచ్చాడని చెప్పినవాళ్ళు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు.

తిమ్మిరి వదిలేటప్పుడు నొప్పి పుడుతుంది. హజ్రా బీకి అది ఒకేసారి రాలేదు. ఒకరోజు మిల్లులో పట్టా తెగి జిన్నులన్నీ ఆగిపోయాయి. ఎప్పుడూ లేని నిశ్శబ్దం. ఫిట్టరు వచ్చి పట్టా కుడుతుంటే ఆమె అతని చేతులనే చూస్తూ నిలబడి, మూత్రానికని చెప్పి దూది గోదాములోకి పోయి, బేళ్ళ వెనక కాసేపు ఉండి వచ్చింది. ముఖం మీద దూది అంటుకుని ఉంది. ఎవరూ అడగలేదు.

కొత్తగా చేరిన పిల్ల ఆరోగ్యమ్మ మాత్రం ఆమె పక్కనే నిలబడేది. మధ్యాహ్నం అన్నాల వేళ, గోడ నీడలో కూర్చుని, మాటల్లో మాటగా అడిగింది.

“అక్కా, మీ ఆయన ఏం చేస్తాడు?”

పక్కనున్న ఆడవాళ్ళు తినడం ఆపారు. హజ్రా బీ గిన్నెలో నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళు తాగింది.

“ఫిట్టరు,” అంది. “రంగం పోయాడు. అక్కడి నుంచి బయల్దేరాడు. యాడున్నాడో తెలవదు.”

“తెలవదా?”

“తెలవదు.”

ఆ మాట అనడం ఆమెకు అదే మొదటిసారి. మిల్లు కూత వేసింది. ఇద్దరూ లేచి లోపలికి వెళ్ళారు.